రెండు చెంబుల నీళ్ళు

తొలకరికి తడిసిన మట్టి వాసన గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో సగం మందికి పొలాలు లేవని నా అనుమానం. పొలం ఉన్న ఇంట్లో పుట్టినవాళ్ళకి వాన వాసన రాగానే గుర్తొచ్చేది కవిత్వం కాదు, బయట ఆరబోసినవి లోపలికి ఎవరు మోస్తారనే గొడవ. నాకు మాత్రం గుర్తుండిపోయిన తడి వాసన ఒకటే ఒకటి, తడిసిన పత్తి వాసన. బీరువాలో మరిచిపోయిన తడి తువ్వాలుకి పాత గోనెసంచీని తోడిచ్చి, రెండు రోజులు తలుపు వేసి ఉంచితే వచ్చే వాసన అది. దాని మీద ఎవరూ పాట కట్టలేదు, కట్టరు కూడా.

మొన్న సాయంత్రం ఆఫీసు నుంచి విజయవాడలో నేను అద్దెకుంటున్న గదికి వచ్చేసరికి గదంతా అదే వాసన. మధ్యాహ్నం పడ్డ వాన కిటికీలోంచి నేరుగా మంచం మీదికొచ్చి, నా దిండులో దిగినంత దిగి, మిగిలింది నేల మీదుగా గడప దాటి, మెట్లు దిగి, కింద వాటాలో ఇంటి ఓనరు ఆంటీ గారి కొత్త తివాచీని పలకరించింది. ఆవిడ పైకొచ్చి, "కిటికీ ఎవరు తీశారమ్మా?" అని అడిగారు. "పొద్దున ఊడ్చేటప్పుడు కుమారి తీసినట్టుందాంటీ" అన్నాను. కుమారి ఆ ఇంట్లో రెండు వాటాలకీ పనిచేసే మనిషి. "దానికి బొత్తిగా బాధ్యత లేదు" అనుకుంటూ ఆవిడ దిగిపోయారు. నేను దిండుని కుర్చీలో కూర్చోబెట్టి, ఫ్యాను వేసి, దాని ఎదురుగా కూర్చున్నాను.

ఆ దిండు మా చేలో పండిన పత్తి. మస్తానమ్మ చేత్తో కుట్టింది. ఫోము దిండులా మర్యాదగా ఉండదు. తల ఎక్కడ పెడితే అక్కడ గుంట పడుతుంది, తెల్లారేసరికి మెడ పట్టేస్తుంది. అయినా పదేళ్ళుగా, మారిన ప్రతి హాస్టలుకీ, ప్రతి గదికీ మోసుకుపోతున్నాను. ప్రేమతో కాదు. ఎందుకో చెప్పాలంటే మా ఊరు వెళ్ళాలి.

మా ఊరు జగ్గయ్యపేట నుంచి వత్సవాయి వెళ్ళే దారిలో, బస్సు కండక్టరు ముందుగా గుర్తుచేస్తే తప్ప దాటిపోయేంత ఊరు. దసరా సెలవులు అయ్యేసరికి చేలల్లో కాయలు పగిలి, దూరం నుంచి చూస్తే ఎవరో అన్నం మెతుకులు జల్లినట్టుండేది. అక్కడి నుంచి మా ఇల్లు మాది కాదు, పత్తిది. ముందుగదిలో మంచాలు, టీవీ, నా పుస్తకాలు, నా చిన్నప్పుడే పోయిన ముత్తాత ఫొటో, అన్నీ వంటింటి వైపు సర్దుకునేవి. పత్తి మాత్రం దూలాల దాకా దర్జాగా కూర్చునేది. పడుకుంటే పత్తి, దగ్గితే పత్తి, పెరుగన్నంలో వెంట్రుకనుకుని తీస్తే అదీ పత్తే. ఆ గుట్ట మీద ఎగిరి దూకడం మాకు నిషేధం, దూకకుండా ఉండడం మాకు అసాధ్యం. దూకితే మెత్తగా లోపలికి దిగబడి, ముక్కులోకి మందు వాసన, పచ్చిగింజ వాసన, ఎండ వాసన కలిసి వచ్చేవి. ఎర్రటి పురుగులు కాళ్ళ మీద పాకేవి. మేము అరిచేవాళ్ళం, అవి కంగారుపడేవి కావు; ఇల్లు వాటిదే కదా.

అట్లతద్దికి తెల్లారకముందే లేపి గోంగూర పచ్చడి, పెరుగన్నం తినిపించి, సగం నిద్రలో ఉయ్యాల ఎక్కించేవాళ్ళు. గోరింటాకు పండిన చేతులకి వారం రోజులు పత్తి ముట్టుకునే హక్కు ఉండేది కాదు, మరకలవుతాయని. దీపావళికి మా వాకిట్లో అగ్గిపుల్ల గీయడానికి వీల్లేదు. ఇంటినిండా పత్తి ఉంటే ఎవరు గీస్తారు? అందుకని మతాబులన్నీ పక్కింటి వాకిట్లో కాల్చేవాళ్ళం. పక్కింటి నిండా కూడా పత్తే ఉండేది. అది వాళ్ళ సమస్య.

ఆ నెలల్లో తాతయ్య చుట్ట కూడా కాల్చేవాడు కాదు. అలవాటు మానలేక, వెలిగించని చుట్టని నోట్లో పెట్టుకుని సీజనంతా తిరిగేవాడు. పొద్దున పెట్టుకున్నది సాయంత్రానికి నమిలి నమిలి సగమయ్యేది. మా తాతయ్య చుట్టుపక్కల మూడు నాలుగు ఊళ్ళకి పెద్దమనిషి. గేదె చేలో పడ్డా, అన్నదమ్ములు విడిపోయినా మా వసారాలోకే వచ్చేవాళ్ళు. ఆయన గంజి పెట్టిన పంచెలో కుర్చీ అంచున కూర్చుని, రెండువైపులా విని, చుట్ట ఓ పక్క నుంచి ఇంకో పక్కకి మార్చి, చివరికి ఒకే మాట అనేవాడు: "తప్పు తప్పే. నా కొడుకు చేసినా తప్పే." జనం తలలూపేవాళ్ళు. ఆయన అదృష్టం, కొడుకులిద్దరూ ఏనాడూ ఏ తప్పూ చేసినట్టు రుజువు కాలేదు. రుజువు చెయ్యాల్సింది ఆయనే కాబట్టి.

ఒకసారి పై చేను వాళ్ళు గట్టు జరిపారని తగువొచ్చింది. తాతయ్య స్వయంగా వెళ్ళి, పుల్లతో కొలిచి, "గట్టుకి కాళ్ళుండవయ్యా, దానంతటది నడవదు" అని వాళ్ళ చేత నలుగురిలో తప్పు ఒప్పించాడు. మరుసటేడు నానమ్మ తమ్ముడు తన గట్టుని పక్కవాళ్ళ చేలోకి ఇంకా ఎక్కువ జరిపాడు. తాతయ్య వెళ్ళాడు, చూశాడు, "మొన్నటి వానలకి కోసుకుపోయినట్టుంది" అన్నాడు. తమ్ముడు తమ్ముడే, పేకాట పేకాటే అంటారు. మా ఇంట్లో తమ్ముడూ తమ్ముడే, పేకాటా తమ్ముడిదే.

నానమ్మ నీతిబోధ ఇంకా సూటిగా ఉండేది. అబద్ధం ఆడితే ఆడపిల్లలు పుడతారు అనేది. మా అమ్మకి మేమిద్దరం ఆడపిల్లలం. అంత నెమ్మదస్తురాలు ఎవరితో ఏం అబద్ధాలాడిందో అని చాలాకాలం అమ్మని జాలిగా చూసేదాన్ని.

ఇక నీళ్ళ సంగతి. పత్తిని నందిగామ వ్యాపారికి వేసే రోజు, లారీ రావడానికి ముందు, తాతయ్య బకెట్టులో నీళ్ళు, చేతిలో వేపమండ పట్టుకుని ముందుగదిలోకి వచ్చేవాడు. ఒక పొర పత్తి పరవడం, మండ ముంచి చిలకరించడం, దాని మీద ఇంకో పొర. పెళ్ళిలో పన్నీరు జల్లినట్టు, అంత పొదుపుగా, అంత అందంగా. బకెట్టు మోసే గౌరవం నాది. మొదటిసారి ఎందుకని అడిగితే, "ఇన్నాళ్ళు ఎండలో ఉంది కదమ్మా, దాహమేసుద్ది" అన్నాడు. కాస్త పెద్దయ్యాక మళ్ళీ అడిగితే, "ఆ వ్యాపారి తడున్నా లేకపోయినా తేమని చెప్పి తూకం తగ్గిస్తాడు. మనం తడపకపోతే ఉత్తపుణ్యానికి పోయేది మనమే" అన్నాడు. వ్యాపారిని అడిగితే, రైతులు ఎటూ తడుపుతారు కాబట్టే తగ్గిస్తున్నానని చెప్పేవాడేమో. ఎవరు ముందు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. ఎవరి లెక్కలో వాళ్ళు రెండోవాళ్ళు. నాకు పట్టుబడిన పాఠం మాత్రం చాలా తేలిక: పత్తికి నీళ్ళిస్తే బరువు పెరుగుతుంది, అది మన మంచి కోసం పెద్దవాళ్ళు చేసే పని.

మస్తానమ్మ పత్తి తీతకొచ్చే ఆడవాళ్ళ ముఠాకి పెద్ద. వాళ్ళది దూది ఏకే సాయిబుల కుటుంబం. ఎండాకాలం ఆమె మొగుడు దస్తగిరి దూది ఏకే విల్లు సైకిలుకి కట్టుకుని ఊళ్ళు తిరిగేవాడు. ఆ నారి టుంగుమని మోగితే పరుపులున్న ఇళ్ళవాళ్ళు బయటికొచ్చేవాళ్ళు. చలికాలం వస్తే మస్తానమ్మ నడుముకి ఒడి కట్టుకుని మా చేలోకి దిగేది. పగిలిన కాయలోంచి పత్తిని ఆమె లాగేది కాదు, పిలిచేది. ఐదు వేళ్ళూ కలిపి ఇలా పెట్టి అలా తీస్తే, ఆకు తునక లేకుండా, ముక్క మిగలకుండా మొత్తం ఒడిలోకి వచ్చేసేది. సెలవురోజు నేను ఆమె వెనకే సాలులో నడిచేదాన్ని. "ఎండలో మాడిపోతే మీ నానమ్మ నన్ను తిట్టుద్దే బుజ్జెమ్మా" అంటూనే కొంగులోంచి ఉప్పూకారం అద్దిన చింతకాయ తీసిచ్చేది. తీసిన పత్తికి సాయంత్రం చేను చివర పాక దగ్గర కాటా. ఎంత తూగితే అంత కూలి. అందరి మూటల్లోకీ పెద్దది ఎప్పుడూ ఆమెదే, అది ఆమెకి తెలుసు, మిగతావాళ్ళకీ తెలుసు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒక చలికాలం ఆమె కుడిచేతి బొటనవేలుకి గోరుచుట్టు లేచింది. వేలికి నిమ్మకాయ తొడుక్కుని, ఎడంచేత్తో తీయడం మొదలుపెట్టింది. పక్క సాలులో వాళ్ళకి అదొక పండగ.

"మస్తానమ్మక్కా, ఆ నిమ్మకాయ కూడా కాటాకెక్కించు, కాస్త మొగ్గుద్ది."

"ఎందుకే, సాయంత్రం మీ ఆయనకి పులిహోరకి పంపిస్తాలే."

నవ్వేది గానీ, మూడు రోజులుగా ఆమె మూట అందరి మూటలకన్నా చిన్నదవుతోంది. కాటా మీద ముల్లు ఆగినచోట ఆమె చూపు కూడా ఆగేది. ఆ ఆదివారం మధ్యాహ్నం ఆడవాళ్ళంతా తుమ్మచెట్టు కింద అన్నాలు తింటుంటే, నాకు గొప్ప ఆలోచన వచ్చింది. ఆవిడంటే నాకిష్టం. ఇష్టమైనవాళ్ళ పత్తికి ఏం చేస్తారో నాకు తెలుసు. పాకలో ఆమె మూట విప్పి, తాగడానికి తెచ్చుకున్న బిందెలోంచి చెంబుతో ముంచి, పత్తి మధ్యలో చేత్తో గుంట చేసి, అందులో పోశాను. ఒక చెంబు సరిపోతుందో లేదోనని ఇంకో చెంబు కూడా పోశాను. తాతయ్య పని మండతో ఎలా ఉండేదో, నాది చెంబుతో అలా ఉంది. చదువు ఒకటే, మార్కులు వేరు. మూట మళ్ళీ కట్టేసి, నా పరికిణీ అంచుకి చేతులు తుడుచుకుని, ఎవరికీ చెప్పకుండా దాచుకున్న బహుమతిలా సాయంత్రం కోసం ఎదురుచూశాను.

సాయంత్రం నానమ్మ టీ క్యాను పట్టుకుని వచ్చింది. తాతయ్య కాటా వేలాడదీశాడు. మస్తానమ్మ మూట కొక్కేనికి తగిలించగానే ముల్లు ఎగిరి కూర్చుంది.

"ఏందే మస్తానమ్మా, వేలికి నిమ్మకాయ పెట్టుకుని ఇంత తీశావా!" అన్నాడు తాతయ్య మెచ్చుకోలుగా.

"నాకూ అదే అర్థం కావట్లేదండి అయ్యగారూ. ఇంత రావటానికి లేదే."

ఆ మాట ఆమె అన్నదని మా ఊళ్ళో ఎవరూ తర్వాత గుర్తుపెట్టుకోలేదు. నేను పెట్టుకున్నాను. తాతయ్య మూట అడుగున చెయ్యి పెట్టాడు. చెయ్యి బయటికి తీసి చూసుకున్నాడు. నోట్లో చుట్ట కదలడం మానేసింది.

"నీళ్ళు పోశావే?"

"అయ్యో, నేనెందుకు పోస్తానండి? నా బిడ్డల మీదొట్టు."

"మరి ఆకాశంలోంచి పడ్డాయా?"

ఇరవైమంది ఆడవాళ్ళు టీ గ్లాసులు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. తాతయ్య వసారాలో తీర్పు చెప్పే గొంతు తీశాడు. నిన్ను ఇంటిమనిషిలా చూశానన్నాడు. నమ్మినవాళ్ళని మోసం చేస్తే భూమి మొయ్యదన్నాడు. పత్తి లక్ష్మీదేవి అన్నాడు, దాన్ని నీళ్ళలో ముంచడానికి చేతులెలా వచ్చాయన్నాడు. మూడు రోజుల క్రితమే లక్ష్మీదేవికి పన్నీరు జల్లిన వేపమండ మా ముందుగదిలో ఇంకా ఎండిపోనైనా లేదు. చివరికి, "తప్పు తప్పే. ఎవరు చేసినా తప్పే. రేపట్నుంచి నా చేలోకి రామాకు" అన్నాడు.

నేను నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే నానమ్మ కళ్ళు నా పరికిణీ అంచు మీద పడ్డాయి. అంచు తడిసి ఆరి ముడుచుకుని ఉంది, దానికి పత్తి పోగులు అంటుకుని ఉన్నాయి. నానమ్మ పెద్దగా చదువుకోలేదు గానీ చదవాల్సింది చదివేసింది. నా చెయ్యి పట్టుకుని, "పిల్లకి చలేస్తున్నట్టుంది" అంటూ బరబరా ఇంటికి లాక్కుపోయింది. వెనక్కి తిరిగి చూస్తే మస్తానమ్మ తడిసిన పత్తిని మూటలోంచి తీసి, పాక ముందు పట్టా మీద ఎడంచేత్తో పల్చగా పరుస్తోంది, ఆరడానికి. రేపట్నుంచి రావద్దన్నారు. ఇంకా ఆ రోజు అవలేదు మరి.

ఇంటికొచ్చి అంతా చెప్పాను. తంతుందనుకున్నాను. నానమ్మ పకపకా నవ్వింది. "నా పిచ్చి బంగారం! చెంబుతో పోశావటే" అని నా బుగ్గలు పుణికి, "మళ్ళీ ఈ మాట ఎవరితో అనబాక" అంది. అన్నాలప్పుడు తాతయ్యకి చెప్పింది. ఆయన ముద్ద ఆపి నా వంక చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"పసిది. తెలీక చేసింది" అన్నాడు.

మజ్జిగ వడ్డిస్తున్న అమ్మ ఒక్కతే అడిగింది, "మరి మస్తానమ్మ సంగతేంటి మావయ్యగారూ?"

"నలుగురిలో అనేసిన మాట. ఇప్పుడు మన పిల్ల చేసిందంటే రేపు నా మాట ఎవడింటాడు?" అన్నాడు. ఎవరూ అడక్కపోయినా, "పిల్లకి రేపు పెళ్ళీ పెడాకులూ ఉంటాయి" అని కూడా అన్నాడు. తొమ్మిదేళ్ళ పిల్ల పెళ్ళి రెండు చెంబుల నీళ్ళకి ఆగిపోతుందని ఆ రోజే నాకు తెలిసింది.

ఆయనకి మాత్రం అన్నం సయించలేదనే చెప్పాలి. మూడు రోజులు చుట్టలు నమిలి పారేశాడు. నాలుగో రోజు మస్తానమ్మని, దస్తగిరిని వసారాకి పిలిపించాడు. నలుగురూ ఉండగా గొంతు సవరించుకుని, "మనిషన్నాక పొరపాటు చేస్తాడు. నేను క్షమించేశా. రేపట్నుంచి పనిలోకి రా" అన్నాడు. వసారా అంతా ఆయన పెద్దమనసుకి కరిగిపోయింది. గుమ్మం చాటున నేనున్నాను. మస్తానమ్మ వేలికి నిమ్మకాయ లేదు, గుడ్డ కట్టుంది.

"చేసుంటే క్షమించండి అయ్యగారూ. చెయ్యనిదానికి మీ క్షమించటం నేనేం చేసుకోను?" అంది.

దస్తగిరి భుజం మీద తువ్వాలు తీసి మళ్ళీ వేసుకున్నాడు. ఇద్దరూ వెళ్ళిపోయారు. "ఎంత పొగరో చూశారా, క్షమిస్తానంటే కూడా" అన్నారు వసారాలో వాళ్ళు. గోరుచుట్టు మీద రోకలిపోటు అనే సామెతకి మా ఊళ్ళో అర్థం చెప్పాల్సిన పని లేకుండా పోయింది. ఆ సీజన్లో ఆమెని ఎవరూ చేలోకి పిలవలేదు. పత్తిలో నీళ్ళు పోసే మనిషి మాకొద్దన్నారు, ఇంటింటా బకెట్టూ వేపమండా ఉన్న రైతులు. ముఠాకి ఇంకొకామె పెద్దయింది. సంక్రాంతి లోపే వాళ్ళు ఇల్లు తాళం వేసి జగ్గయ్యపేట వెళ్ళిపోయారు.

తర్వాతి లారీకి తాతయ్య మళ్ళీ బకెట్టు నింపాడు. "రామ్మా" అని నన్ను పిలిచాడు. వెళ్ళాను. ఏడుస్తూ వెళ్ళానని రాస్తే బాగుంటుంది గానీ, మామూలుగానే వెళ్ళాను. ఆ లారీలోనే నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని నందిగామ కూడా తీసుకెళ్ళాడు, మిఠాయి కొనిపెడతానని. అక్కడ వ్యాపారి కొట్టు ముందు గుమాస్తా మూటలో చెయ్యి పెట్టి, తీసి చూసుకున్నాడు. అలా చెయ్యి చూసుకోవడం నేను ఇంతకుముందు చూసిందే.

"తడి ఉందండి" అన్నాడు.

"నా వయసేంటి, నువ్వు మాట్లాడే మాటేంటి? నా మనవరాలి మీదొట్టు, చుక్క పడితే ఒట్టు" అని తాతయ్య నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు. బకెట్టు మోసిన పిల్ల నెత్తే అది.

లోపలి నుంచి వ్యాపారి లేచొచ్చాడు. ఆయన మాకు ఏదో మూల నుంచి వియ్యంకుడి వరస. గుమాస్తాని కసిరి, "మీ మాట కాదంటామా బావగారూ. మంచు తడి అయ్యుంటుంది" అన్నాడు. మా చేలో మూట తడిస్తే దొంగతనం, మా ఇంట్లో తడిస్తే దాహం, నందిగామలో తడిస్తే మంచు. నీళ్ళు మాత్రం ఒకే బోరింగువి. మిఠాయి బాగుంది. రెండోది కూడా అడిగి తిన్నాను.

తాతయ్య చెడ్డవాడని రాసేస్తే నాకు సులువు. నాకు టైఫాయిడ్ వస్తే పదకొండు రోజులు మంచం పక్క నుంచి కదలని మనిషి ఆయన. ఆ పదకొండు రోజులూ నమిలింది కూడా వెలిగించని చుట్టే. ఆయన ప్రేమకి లోటుండేది కాదు, దానికి గట్టుండేది. గట్టుకి ఇవతల ఉన్నవాళ్ళకి అన్నీ తెలియక చేసినవే, అవతల వాళ్ళకి అన్నీ తెలిసి చేసినవే. నేను ఇవతల పుట్టాను. అందులో నా ప్రతిభేమీ లేదు.

పది పాసయ్యాక విజయవాడ హాస్టల్లో చేర్చేముందు, దిండు కుట్టించాలని నానమ్మ నన్ను జగ్గయ్యపేట తీసుకెళ్ళింది. గింజ తీయించిన మా పత్తి సంచీలో ఉంది. బజారు చివర ఇరుకు కొట్టులో దూది ఏకే మిషను గరగరమంటోంది, దాని పక్కన నేల మీద కూర్చుని మస్తానమ్మ పరుపు కుడుతోంది. జుట్టంతా తెల్లగా ఉంది, దూదో నెరుపో తెలియలేదు. నానమ్మ ఏమాత్రం తడబడలేదు. "ఏమే మస్తానమ్మా, బాగున్నావా? మా మనవరాలికి మంచి దిండు కుట్టు" అని, గలీబు గుడ్డ కొనడానికి పక్క కొట్టుకి వెళ్ళింది. ఏడేళ్ళుగా మనసులో బట్టీపట్టింది నేను ఒక్క ఊపిరిలో అప్పజెప్పాను.

"మస్తానమ్మా, ఆ రోజు నీళ్ళు పోసింది నేనే."

"తెలుసమ్మా" అంది, సూది ఆపకుండా. "నీ పరికిణీకి పత్తంటుకుని ఉంది. మీ నానమ్మకంటే ముందే చూశా."

"మరి చెప్పలేదే?"

"చెప్తే ఎవరింటారు? తొమ్మిదేళ్ళ పిల్ల మీదికి నెట్టిందనేవాళ్ళు." దారం పళ్ళతో తెంపింది. "నా కూతురు చేసున్నా నేనూ దాచేదాన్నేలే. కడుపు కదా. పక్కదాన్ని దొంగని మాత్రం చెయ్యను."

నేను ఏదో అనబోయాను, క్షమించమనో, అలాంటిదే ఏదో. ఆమె మా సంచీ మూతి విప్పి నా ముందుకు జరిపింది.

"చెయ్యి పెట్టి చూడు."

"ఎందుకు?"

"పొడిగా ఉందో లేదో చూడమ్మా. మళ్ళీ మాటొస్తే నా వల్ల కాదు."

చెయ్యి పెట్టాను. పొడిగానే ఉంది. నానమ్మ వచ్చేదాకా ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అప్పుడు కుట్టిందే ఈ దిండు. కుట్లు ఒక్కటి కూడా ఇంతవరకూ ఊడలేదు.

తాతయ్య పోయినప్పుడు పెద్దకర్మ రోజున షామియానా కింద ఒక్కొక్కరూ లేచి మాట్లాడారు. తన, పర లేని మనిషి అన్నారు. దొంగతనం చేసిన కూలామెని కూడా క్షమించి పనిలోకి పిలిచిన ధర్మాత్ముడని ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. నాకప్పుడు ఇరవై దాటాయి. పసిదాన్ని కాదు, తెలియక కాదు. పక్కనే నానమ్మ పమిట నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. లేచి ఒక్క మాట అంటే సరిపోయేది. నేను విస్తట్లో గారె తుంచుకున్నాను. మా తాతయ్య కదా.

ఇప్పుడు మా చేలో పత్తి లేదు. సగం సుబాబుల్ తోట, సగం రాళ్ళు పాతిన ప్లాట్లు. ముందుగదిలో సోఫా ఉంది, దాని మీద దూకడానికి పిల్లలెవరూ లేరు, ఎర్రపురుగులు కూడా ఖాళీ చేశాయి. కాటా ఇనపసామానువాడు పట్టుకుపోయాడు. పేటలో ఆ ఇరుకు కొట్టు ఉన్నచోట అద్దాల తలుపుల ఫోము పరుపుల షోరూము లేచింది. అడిగితే, "పాత వాళ్ళా? ఏమో మేడం" అన్నాడు కుర్రాడు. దస్తగిరి విల్లు మోత విన్నవాళ్ళు ఊళ్ళో ఇంకా ఉన్నారు. మస్తానమ్మ పేరెత్తితే మాత్రం వాళ్ళకి మొదట గుర్తొచ్చేది నీళ్ళే.

ఇదంతా దిండు ఎదురుగా కూర్చుని తలుచుకున్నాక, చెప్పాల్సిన చిన్న సంగతి ఒకటి మిగిలింది. కిటికీ తీసింది కుమారి కాదు. పొద్దున ఫోనులో సిగ్నలు రాకపోతే నేనే తీశాను, ఆఫీసు హడావుడిలో మూయలేదు. ఆంటీ అడిగినప్పుడు ఆ మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందంటే, వేపమండతో చిలకరించినట్టే వచ్చింది.

కిందకి దిగి, "ఆంటీ, కిటికీ తీసింది నేనే" అన్నాను.

"అయ్యో, నువ్వా అమ్మా? పోన్లే, హడావుడిలో పొరపాటు జరిగుంటుంది" అన్నారు ఆవిడ, ఎంతో ఆప్యాయంగా. "నేనప్పుడే కుమారికి ఫోన్ చేసి నాలుగు చీవాట్లు పెట్టాలే."

"మళ్ళీ చేసి చెప్పండాంటీ, తను కాదని."

"ఇప్పుడేం చెప్తాంలే అమ్మా. అలుసైపోతారు. కాస్త భయం ఉంటే మంచిదే."

నంబరు అడిగి తీసుకుని, మెట్ల మీద కూర్చుని నేనే చేశాను. కుమారి ఫోను ఎత్తింది. నా గొంతు వినగానే, "అక్కా, మీ కిటికీ నేను ముట్టుకోలేదక్కా, నిజంగా" అంది.

"తెలుసు కుమారీ. తీసింది నేను. నీ పేరు చెప్పింది కూడా నేనే."

వెనక ఎవరో పిల్లాడు ఏడుస్తున్నాడు.

"ఆంటీకి చెప్పారా అక్కా?"

"చెప్పా."

"ఏమంది?"

అబద్ధం ఆడొచ్చు. ఆడపిల్లలు పుడితే పుడతారు. అయినా ఆడలేదు. "పొరపాటు అంది" అన్నాను.

"ఓహో. మీది పొరపాటంటనా అక్కా" అని కుమారి నవ్వింది. పెద్దగా, చాలాసేపు నవ్వింది. ప్రతిదానికీ ఒక జోకు జేబులో పెట్టుకుని తిరిగే మనిషిని నేను. ఆ మెట్ల మీద జేబులన్నీ వెతుక్కున్నాను.